హోటల్ బుకింగ్ బాట్‌కు అమెజాన్ లెక్స్: మాట బాగానే వింటుంది, గది సంగతి మీరే చూసుకోవాలి

చాట్‌లో మనుషులతో మాట్లాడే బాట్‌లను కట్టడానికి అమెజాన్ ఇచ్చే క్లౌడ్ సేవ లెక్స్. దాంతో హోటల్ బుకింగ్ బాట్‌ను పావుగంటలో నిలబెట్టొచ్చు. కన్సోల్ (దాని వెబ్ పేజీ) తెరిచి, నమూనాల్లోంచి బుక్‌ట్రిప్ ఎంచుకుని బిల్డ్ నొక్కితే చాలు. ఏ ఊరు, ఏ రోజు, ఎన్ని రాత్రులు, క్వీనా కింగా డీలక్సా అని వరసగా అడిగేస్తుంది. చివర్లో అన్నీ ఒకసారి అప్పజెప్పి, ఖాయం చేయమంటారా అంటుంది. ఆ డెమో చూసిన హోటల్ యజమాని "ఇంకేం, సోమవారం నుంచి పెట్టేయండి" అంటాడు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఆ నమూనాకు తోడుగా అమెజాన్ ఇచ్చిన పైథాన్ ల్యాంబ్డా కోడ్‌ను (లెక్స్ పిలిచినప్పుడు అమెజాన్ క్లౌడ్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్) ఒక్కసారి తెరిచి చూస్తే సంగతి తేలిపోతుంది. గది ధర అది ఎక్కడి నుంచీ తేదు. ఊరి పేరులోని అక్షరాలను కూడి లెక్కగడుతుంది. ఇంగ్లీషు వర్ణమాలలో మొదటి అక్షరానికి 0, చివరిదానికి 25. ఆ మొత్తానికి రెండు వందలు, గది రకానికి 0 లేదా 1 లేదా 2 కలిపి, రాత్రుల సంఖ్యతో గుణిస్తుంది. హైదరాబాద్ అక్షరాలు కూడితే 59, అంటే క్వీన్ గది రాత్రికి 259 డాలర్లు. న్యూయార్క్‌కు అక్షరాల మొత్తం 104. కానీ రెండు పదాల మధ్య ఖాళీ ఉంది కదా, దానికి ఈ లెక్కలో మైనస్ 65 పడుతుంది. మిగిలింది 39. కాబట్టి న్యూయార్క్‌లో గది 239 డాలర్లే! కింగ్‌కూ డీలక్స్‌కూ తేడా ఒక్క డాలరు. అసలు హైదరాబాద్ దాకా వెళ్లనే వెళ్లదు లెండి, అనుమతించిన ఊళ్ల జాబితాలో ఉన్నవన్నీ అమెరికా నగరాలే. అదే కోడ్ ఈ రోజుకు గది అడిగితే ఒప్పుకోదు, కనీసం ఒక రోజు ముందు చెప్పాలంటుంది. మన లాడ్జీలకు వచ్చేవాళ్లలో బస్టాండ్‌లో దిగి ఫోన్ తీసేవాళ్లే ఎక్కువ, వాళ్లందరినీ అది వెనక్కి పంపేస్తుంది.

ఇందులో అమెజాన్ మోసం ఏమీ లేదు, నమూనా నమూనానే. గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: లెక్స్ చేసేది అతిథి మాటలోంచి తేదీ, సంఖ్య, గది రకం ఏరి ఇవ్వడం. గది ఉందా, ఎంత, ఎవరికి ముందు అన్నవి దానికి తెలియవు. ఈ రెండు పనులనూ వేరు చేసి చూస్తే లెక్స్‌కు మంచి మార్కులే పడతాయి. కలిపి చూస్తే నిరాశే.

ముందు పాత పాఠాలు పక్కన పెట్టండి

లెక్స్ మొదటి వెర్షన్ 2017లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. రెండోది 2021 జనవరిలో. మొదటిదానికి 2025 సెప్టెంబర్ 15తో మద్దతు ఆగిపోయింది. కానీ నెట్‌లో దొరికే హోటల్ బాట్ పాఠాల్లో చాలావరకు మొదటి వెర్షన్‌వే. గుర్తుపట్టడం తేలిక: ల్యాంబ్డాకు వచ్చే సమాచారంలో కరెంట్ఇంటెంట్ అని కనిపిస్తే అది పాతది. కొత్తదాంట్లో సెషన్‌స్టేట్ లోపల ఇంటెంట్ (అతిథి ఏ పని కోసం వచ్చాడన్నది) ఉంటుంది, దాని లోపల స్లాట్లు (తేదీ, గది రకం లాంటి ఒక్కో వివరానికి ఒక్కో ఖాళీ). పాతదాంట్లో స్లాట్ విలువ ఉత్త పదం. కొత్తదాంట్లో ప్రతి స్లాట్ ఒక డబ్బా, అందులో అతిథి రాసిన అసలు మాట, లెక్స్ అర్థం చేసుకున్న మాట, పోలిన విలువల జాబితా విడివిడిగా ఉంటాయి. పాత కోడ్‌ను అతికిస్తే బాట్ మొదటి ప్రశ్నకే పడిపోతుంది.

బిల్డ్ అయ్యాక బాట్‌కు ఒక వెర్షన్ నంబరు ఇవ్వాలి, ఆ నంబరును ఒక ఏలియాస్‌కు (ఆ వెర్షన్‌ను చూపే మారుపేరు) తగిలించాలి. అతిథులు మాట్లాడేది ఏలియాస్‌తో. ల్యాంబ్డా కూడా ఏలియాస్‌కే, అదీ భాషవారీగా తగులుకుంటుంది. టెస్ట్ ఏలియాస్‌లో అన్నీ చక్కగా నడిచి, అసలు ఏలియాస్‌లోకి వెళ్లగానే బాట్ వివరాలన్నీ అడిగేసి బుకింగ్ మాత్రం చేయకుండా ఊరుకుంటే, నూటికి తొంభై పాళ్లు ఆ ల్యాంబ్డా తగిలించడం మరిచిపోయినట్టే. కన్సోల్‌లో తగిలిస్తే లెక్స్‌కు ఆ ల్యాంబ్డాను పిలిచే అనుమతి దానంతట అదే వస్తుంది. క్లౌడ్‌ఫార్మేషన్ (సెట్టింగులన్నీ ఒక ఫైల్లో రాసి కట్టించే అమెజాన్ సేవ) ద్వారా కడితే ఆ అనుమతి మీరే రాయాలి. ఇంకోటి, ల్యాంబ్డా గడువు మామూలుగా 3 సెకన్లే ఉంటుంది. హోటల్ సాఫ్ట్‌వేర్‌ను అడిగి రావడానికి అది చాలదు. పది సెకన్లకు పెంచండి. లెక్స్ 30 సెకన్ల దాకా ఓపిక పడుతుంది గానీ అతిథి పట్టడు.

తేదీ: సగం తప్పులు ఇక్కడే

బిల్ట్-ఇన్ డేట్ స్లాట్ ఇంగ్లీషులో బాగా పనిచేస్తుంది. టుమారో, నెక్స్ట్ ఫ్రైడే, జూలై ఫిఫ్టీన్త్ అన్నీ సరైన తేదీగా మారతాయి. గొడవలన్నీ దాని చుట్టుపక్కల ఉంటాయి.

మొదటిది గడియారం. ల్యాంబ్డా గ్రీన్విచ్ సమయంలో బతుకుతుంది, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. ఇక్కడ 15వ తేదీ రాత్రి ఒంటి గంట అయినప్పుడు దానికి ఇంకా 14 సాయంత్రం ఏడున్నరే. గడిచిపోయిన తేదీ ఇస్తే ఒప్పుకోవద్దని మీరు రాసిన నియమం ఆ సమయంలో 14వ తేదీని ఎంచక్కా ఒప్పేసుకుంటుంది. పగలు ఎన్నిసార్లు పరీక్షించినా ఈ తప్పు దొరకదు. అర్ధరాత్రి నుంచి తెల్లవారి ఐదున్నర మధ్యే బయటపడుతుంది. కోడ్‌లో సమయం తీసుకునే ప్రతిచోటా ఆసియా/కోల్‌కతా అని చెప్పాలి. లెక్స్‌కు కూడా టైమ్ జోన్‌ను రిక్వెస్ట్ ఆట్రిబ్యూట్‌గా (మెసేజీతో పాటు వెళ్లే అదనపు వివరం) పంపాలి.

రెండోది భాష తెచ్చే చిక్కు. రాత్రి పన్నెండున్నరకు "రేపు రూమ్ కావాలి" అని రాసేవాడి మనసులో ఉన్నది నిద్ర లేచాక వచ్చే పగలు. క్యాలెండర్ ప్రకారం అది ఈ రోజే. లెక్స్ మాత్రం ఆ మర్నాటి తేదీ వేస్తుంది. అర్ధరాత్రి నుంచి నాలుగింటి వరకు వచ్చే "ఈరోజు", "రేపు"లను నేరుగా నమ్మకుండా, రెండు తేదీలనూ వారంతో సహా బటన్లుగా చూపించి ఎంచుకోమనడం మంచిది.

మూడోది రైలు. తెల్లవారుజామున మూడింటికి తిరుపతిలోనో విజయవాడలోనో దిగేవాళ్లు "15వ తేదీ పొద్దున 3కి వస్తాం" అంటారు. మధ్యాహ్నం 12కి చెక్-ఇన్ ఉండే హోటల్‌లో ఆ గది 14వ తేదీ రాత్రి ఖాతాలో పడాలి. 24 గంటల చెక్-అవుట్ ఉండే లాడ్జిలో అయితే 15నే. బాట్ 15 అని రాసుకుని ఊరుకుంటే, మూడింటికి కుటుంబంతో సహా వచ్చినవాళ్లకు రిసెప్షన్‌లో గది ఉండదు. అందుకే తేదీ తర్వాత "ఎన్ని గంటలకు చేరతారు" అనే ప్రశ్న తప్పనిసరి. నమూనాలో అది లేదు. ఉదయం ఆరుకు ముందు అంటే, అదనపు రాత్రి పడుతుందని ధరతో సహా అప్పుడే చెప్పేయాలి.

నాలుగోది రోజులా రాత్రులా అన్నది. నమూనా రాత్రులు అడుగుతుంది. మనవాళ్లు "మూడు రోజులు ఉంటాం" అంటారు. శుక్ర, శని, ఆది అని లెక్కపెట్టుకుంటే అది రెండు రాత్రులే. 24 గంటల లాడ్జి లెక్కలో మూడు. దీనికి తెలివైన పరిష్కారం వెతక్కండి. రాత్రుల ప్రశ్న తీసేసి, ఖాళీ చేసే తేదీ అడగండి. తీసివేత ల్యాంబ్డా చేసుకుంటుంది. ఖాళీ చేసే రోజు రాత్రిని లెక్కలో కలపకూడదని మాత్రం మరవొద్దు.

అంకెల్లో 05-07 అని రాస్తే అమెరికన్ ఇంగ్లీషు లొకేల్ (భాష, ప్రాంతాల సెట్టింగు) నెలను ముందు చదువుతుంది, జూలై 5 కాస్తా మే 7 అవుతుంది. ఇండియన్ ఇంగ్లీషు లొకేల్ ఎంచుకోండి. అంతటితో ఆగకుండా చివరి నిర్ధారణలో తేదీని ఎప్పుడూ అక్షరాల్లో, వారంతో కలిపి చూపండి. "జూలై 15 బుధవారం" అని చూస్తే మనిషి తప్పు పట్టుకుంటాడు. ఉత్త అంకెలు చూస్తే సరే అనేస్తాడు.

గదులు, మనుషులు, పేర్లు

క్వీన్, కింగ్ అనే మాటలు ఇక్కడ పనికిరావు. డబుల్ కాట్ ఏసీ, నాన్ ఏసీ, డీలక్స్, నలుగురి ఫ్యామిలీ రూమ్, సూట్: మీ టారిఫ్ బోర్డు మీద ఏం రాసుంటే అవే పెట్టాలి. లెక్స్‌లో మీరు కట్టుకునే స్లాట్ రకానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, మీరిచ్చిన విలువలను ఉదాహరణలుగా మాత్రమే తీసుకుని కొత్త మాటలనూ ఒప్పుకోవడం. రెండోది, మీ జాబితాకే కట్టుబడి ఉండటం. మామూలుగా ఉండేది మొదటిది. గది రకానికి, ఊరికి రెండోదే కావాలి. లేకపోతే "పెద్దది" అని రాసినా గది రకం నిండిపోయిందనుకుని ముందుకెళ్తుంది. కట్టుబడే పద్ధతిలో మారుపేర్లు కూడా ఇవ్వొచ్చు: విశాఖపట్నానికి వైజాగ్, విశాఖ, విజయవాడకు బెజవాడ, రాజమహేంద్రవరానికి రాజమండ్రి. ఉన్నది ఒక్క హోటలే అయితే ఊరి స్లాట్ మొత్తం తీసేయండి. తిరుపతి హోటల్ బాట్ "మీరు ఏ ఊళ్లో ఉంటారు" అని అడగడం చూస్తే నవ్వొస్తుంది.

ఏసీ, నాన్ ఏసీ దగ్గర జాగ్రత్త. రెండింటిలోనూ ఒకే మాట ఉంది కాబట్టి టైప్ చేయించడం కన్నా బటన్లు మేలు. లెక్స్ కార్డు మీద ఐదు బటన్లు పడతాయి. వాట్సాప్‌లో మూడే, ఒక్కోదానిమీద 20 అక్షరాలు మించకూడదు. అంతకన్నా ఎక్కువ కావాలంటే పది వరసల జాబితా పంపాలి, వరస పేరు 24 అక్షరాల లోపు. "డీలక్స్ డబుల్ ఏసీ రూమ్ సముద్రం వైపు" అని యజమాని ముచ్చటపడి పెట్టుకున్న పేరు అందులో పట్టదు. పేర్లు కుదించే మాట మొదటి రోజే మాట్లాడుకోండి.

గదులెన్ని, మనుషులెంతమంది, రెండూ సంఖ్యలే. బాట్ అడిగినప్పుడు చెప్తే తికమక లేదు. మొదటి వాక్యంలోనే "2 రూములు 5 మంది" అని రాసేవాళ్లకోసం ఆ రెండు స్లాట్లూ కలిసి ఉన్న నమూనా వాక్యాలు ఇవ్వాలి, అటుదిటు చేసినవి కూడా. "2+2" అని రాసేవాళ్లుంటారు, ఇద్దరు పెద్దలు ఇద్దరు పిల్లలని వాళ్ల భావం. నంబర్ స్లాట్ మీద ఆ భారం వేయకండి. లెక్స్‌కు పంపేముందే విడదీయండి.

పేరు కోసం ఫస్ట్‌నేమ్ స్లాట్ జోలికి వెళ్లొద్దు. ఇంటిపేరు ముందు, పొడి అక్షరాలతో రాసే మన పేర్లు దానికి లొంగవు. ఫ్రీఫామ్ అనే స్లాట్ రాసింది రాసినట్టు తీసుకుంటుంది. దాని తంటా వేరే: పేరు అడిగిన క్షణంలో అతిథి మనసు మారి "క్యాన్సిల్" అని కొడితే, క్యాన్సిల్ గారి పేరు మీద గది బుక్ అయ్యే ప్రమాదం ఉంది. పేరు స్లాట్‌లో పడిన ప్రతి మాటనూ ఒక చిన్న నిషేధ జాబితాతో పోల్చండి. ఫోన్ నంబరు వాట్సాప్ నుంచే వస్తుంది, మళ్లీ అడగొద్దు. ఆధార్ నంబరు, దాని ఫొటో చాట్‌లో అడగనే వద్దు. గుర్తింపు కార్డు రిసెప్షన్‌లో చూస్తే సరిపోతుంది. బాట్ లాగ్‌లో పడితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద దాన్ని కాపాడే బాధ్యత మీ మెడకు చుట్టుకుంటుంది. పేరు స్లాట్‌కు కూడా లాగ్‌లో కనబడకుండా చేసే సదుపాయం ఉంది, ఆన్ చేయండి.

తెలుగు

సూటిగా చెప్పాలంటే లెక్స్‌కు తెలుగు రాదు. ఇండియన్ ఇంగ్లీషు ఉంది, హిందీ ఉంది. బాట్ పలికే వాక్యాలు తెలుగులో పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు, చాట్‌లో అవి ఉత్త అక్షరాలే. అతిథి తెలుగును అర్థం చేసుకోవడమే కష్టం.

తెలుగు లిపిలో రాస్తే అమెజాన్ ట్రాన్స్‌లేట్‌తో ఇంగ్లీషులోకి మార్చి లెక్స్‌కు ఇవ్వొచ్చు. అది తెలుగును ఒప్పుకుంటుంది. కానీ పేరు అడిగినప్పుడు మాత్రం అనువాదం ఆపేయాలి. లేదంటే సత్యం గారు ట్రూత్ గారవుతారు. నిజానికి తెలుగు లిపిలో రాసేవాళ్లకన్నా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్లే ఎక్కువగా ఎదురవుతారు, అనువాద యంత్రం అక్కడ చేతులెత్తేస్తుంది. రేపు, ఎల్లుండి, పొద్దున్న, రాత్రికి, కావాలి, ఎంత, ఉందా: ఇలాంటి మాటలకు జనం రాసే వర్ణక్రమాలన్నీ ఒక పట్టికలో పెట్టుకుని, లెక్స్ కన్నా ముందున్న ల్యాంబ్డాలో వాటిని ఇంగ్లీషుకు మార్చడం ఒక దారి. రేపు అన్న ఒక్క మాటకే ఐదారు రాతలు తేలతాయి. "రెండు" అంటే సంఖ్య, "రెండో తారీఖు" అంటే తేదీ. పట్టికలో పొడవాటి పదబంధాన్ని ముందు వెతకాలి, లేకపోతే రెండో తారీఖు కాస్తా రెండు గదులవుతుంది.

రెండో దారి పెద్ద భాషా నమూనాను (ఎల్ఎల్ఎం, చాట్‌జీపీటీ లాంటిది) ముందు నిలబెట్టడం. అతిథి రాసిందంతా దానికిచ్చి, తేదీలు, గదులు, మనుషులు అని విడదీసిన రూపంలో తిరిగి తెప్పించుకోవడం. తెలుగింగ్లీషు కలగాపులగానికి ఇది పట్టికకన్నా చాలా మెరుగు. అయితే నిజాయితీగా ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆ పని అదే చేసేస్తే లెక్స్‌తో మీకు మిగిలే అవసరం సంభాషణ ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకోవడం ఒక్కటే. దానికోసం మరో సేవ ఎందుకని అడిగితే జవాబు లేదు. అతిథుల్లో ఎక్కువమంది తెలుగులో రాసే హోటల్‌కు లెక్స్ సరైన ఎంపిక కాదు. వైజాగ్ బీచ్ రోడ్డులోనో హైటెక్ సిటీలోనో ఇంగ్లీషులో రాసే అతిథులున్న హోటల్‌కు సరైనదే.

వాయిస్ మెసేజీలు వస్తాయి, తప్పదు. వాటిని నేరుగా రిసెప్షన్ మనిషికి పంపేయండి.

వాట్సాప్‌తో కలపడం

లెక్స్ కన్సోల్‌లో ఫేస్‌బుక్ మెసెంజర్, స్లాక్, ట్విలియో ఎస్ఎంఎస్‌లకు తయారు ప్లగ్గులున్నాయి. మనకు కావాల్సిన వాట్సాప్ లేదు. వాట్సాప్ యజమాని మెటా ఇచ్చే క్లౌడ్ ఏపీఐ (మెసేజీలను ప్రోగ్రామ్‌లకు అందించే దారి) నుంచి వచ్చే మెసేజీని ఏపీఐ గేట్‌వే (బయటి పిలుపులను అందుకునే అమెజాన్ గుమ్మం), అక్కడి నుంచి ల్యాంబ్డా అందుకుని, లెక్స్‌ను పిలిచి, జవాబును తిరిగి మెటాకు పంపాలి. ఇది ఒక పూట పని. తర్వాత బయటపడేదే అసలు తలనొప్పి. మీ వైపు నుంచి 200 జవాబు (అందిందని చెప్పే కోడ్) వెంటనే వెళ్లకపోతే మెటా అదే మెసేజీని మళ్లీ పంపుతుంది. అతిథి ఒకసారి "అవును" అంటే బాట్ రెండుసార్లు వింటుంది. మెసేజీని వరసలో వేసి ముందు 200 చెప్పేయండి, తర్వాత పని చేసుకోండి. ప్రతి మెసేజీ గుర్తింపు సంఖ్యను దాచుకుని, మళ్లీ వస్తే పక్కన పడేయండి.

లెక్స్ సెషన్ (ఒక అతిథితో నడుస్తున్న సంభాషణ జ్ఞాపకం) మామూలుగా ఐదు నిమిషాలకే చచ్చిపోతుంది. వెబ్‌సైట్ చాట్‌కు అది సరే. వాట్సాప్‌లో అతిథి "మా ఆవిడని అడిగి చెప్తా" అని రెండు గంటల తర్వాత వస్తాడు. సెషన్‌ను 24 గంటల దాకా పెంచొచ్చు. అతిథి చివరి మెసేజీ తర్వాత టెంప్లేట్ (ముందే ఆమోదం పొందిన మెసేజీ) లేకుండా జవాబివ్వడానికి వాట్సాప్ ఇచ్చే గడువు కూడా 24 గంటలే కాబట్టి లెక్క కుదురుతుంది. అలా పెంచినప్పుడు పొద్దున చెప్పిన ధర, ఖాళీ సాయంత్రానికి పాతబడతాయి. నిర్ధారణ మెసేజీ పంపే ముందు రెండింటినీ మళ్లీ చూడండి.

బుకింగ్ మధ్యలో "పార్కింగ్ ఉందా" అని అడగని అతిథి ఉండడు. లెక్స్ ఆ ఇంటెంట్‌లోకి దూకి, జవాబు చెప్పి, బుకింగ్ సంగతి వదిలేస్తుంది. అప్పటిదాకా నింపిన స్లాట్లను సెషన్ ఆట్రిబ్యూట్లలో (సెషన్ బతికినంతసేపు గుర్తుండే వివరాలు) దాచి, పార్కింగ్ జవాబు అయ్యాక ఆగిన స్లాట్‌నే ఎలిసిట్‌స్లాట్‌తో (ఫలానా స్లాట్ అడుగు అని లెక్స్‌కిచ్చే ఆదేశం) అడిగించాలి. ఆ ఆట్రిబ్యూట్లలో అక్షరాలుగా రాసిన విలువ (స్ట్రింగ్) తప్ప ఇంకేదీ చెల్లదు. సంఖ్యను సంఖ్యగానే పెడితే లెక్స్ ల్యాంబ్డా జవాబును తప్పని తోసిపుచ్చుతుంది, కారణం వెతుక్కోవడానికి గంట పడుతుంది. చివర్లో అతిథి "కాదు" అంటే నమూనా బాట్ రద్దు చేశానని చెప్పి మూసేస్తుంది. కాదన్నవాడు చాలాసార్లు ఒక్క తేదీనే మార్చమంటున్నాడు. ఏది మార్చాలో అడిగి, ఆ ఒక్క స్లాట్‌నే ఖాళీ చేయండి.

ఒకే గది ఇద్దరికి

అన్నిటికన్నా నష్టం తెచ్చే తప్పు ఇది. ఖాళీ ఉందా అని చదవడం, తర్వాత ఒకటి తగ్గించి రాయడం, ఈ రెండూ విడివిడిగా చేస్తే మధ్యలో ఇంకొకరు దూరిపోతారు. డైనమోడీబీలో (అమెజాన్ డేటాబేస్) గది రకం, తేదీ కలిపి ఒక వరుసగా పెట్టి, "మిగిలినవి అడిగినన్ని లేదా ఎక్కువ ఉంటేనే తగ్గించు" అనే షరతుతో రాయాలి. మూడు రాత్రులంటే మూడు వరుసలు. అవి ట్రాన్సాక్షన్‌గా కలిసే మారాలి, ఒక్కటి కుదరకపోయినా ఏదీ మారకూడదు. ఒక ట్రాన్సాక్షన్‌లో వంద పనుల దాకా పడతాయి కాబట్టి నెల రోజుల బసకైనా ఇబ్బంది లేదు.

యూపీఐ లింకు పంపి డబ్బు వచ్చేదాకా గదిని 15 నిమిషాలు పట్టి ఉంచడం మామూలు పద్ధతి. గడువు తీరాక తీసేయడానికి డైనమోడీబీ టీటీఎల్ (గడువు తీరిన వరుసలను తానే చెరిపే సదుపాయం) ఉందిగా అని దానిమీద ఆధారపడేవాళ్లున్నారు. టీటీఎల్ ఆ క్షణాన చెరపదు, గంటలు, ఒక్కోసారి రోజులే పట్టొచ్చు. అప్పటిదాకా గది ఖాళీగా ఉన్నా నిండినట్టే కనిపిస్తుంది. టీటీఎల్‌ను చెత్త ఊడ్చడానికి వాడుకోండి. గడువు తీరిన పట్టులను ఐదు నిమిషాలకోసారి ఒక ల్యాంబ్డాతో వెతికి గదులు తిరిగి కలపండి. పదహారో నిమిషంలో డబ్బు పడే సందర్భం కూడా వస్తుంది. గది ఇంకా ఉంటే ఇవ్వడం, లేకపోతే వెంటనే తిరిగి చెల్లించి మనిషిని రంగంలోకి దింపడం, ఈ రెండు దారులూ ముందే రాసి ఉండాలి. బుకింగ్ ఖాయమైందనేది చెల్లింపు సంస్థ వెబ్‌హుక్ (డబ్బు అందిందని దాని సర్వర్ నేరుగా పంపే కబురు) వచ్చాకే అనాలి. అతిథి పంపిన స్క్రీన్‌షాట్ చూసి ఎప్పుడూ అనకూడదు. కార్డు నంబరు చాట్‌లో అడిగే ఆలోచనే వద్దు.

ధర చెప్పేటప్పుడు జీఎస్టీ కలిపి చెప్పండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రాత్రికి 7,500 రూపాయల వరకు గదులకు 5 శాతం, ఆపైన 18 శాతం. పాత 12 శాతం కోడ్‌లో ఎక్కడైనా అంకెగా కూర్చుని ఉందేమో వెతకండి. రేటును కోడ్‌లో కాదు, సెట్టింగుల పట్టికలో ఉంచాలి.

మీ గదులు ట్రావెల్ సైట్లలో కూడా అమ్ముడవుతుంటే, బాట్ సొంత పట్టిక పెట్టుకోవడం అంటే ఒకే గదికి రెండు తాళం చేతులు ఇద్దరికివ్వడమే. ఛానల్ మేనేజర్‌నే (అన్ని సైట్లలోనూ గదుల లెక్క ఒకటిగా ఉంచే సాఫ్ట్‌వేర్) అడగాలి. దానికి ఏపీఐ లేకపోతే, బాట్‌కని రోజుకు నాలుగైదు గదులు విడిగా కేటాయించి అంతవరకే అమ్మించండి.

జవాబులు తానే అల్లే సదుపాయం

లెక్స్‌లో ఇప్పుడు మీ పత్రాలు చదివి ప్రశ్నలకు జవాబులు అల్లే ఇంటెంట్ ఉంది, బెడ్‌రాక్ (భాషా నమూనాలను అందించే అమెజాన్ సేవ) మీద నడుస్తుంది. వైఫై పాస్‌వర్డు ఎక్కడ దొరుకుతుంది, గుడికి ఎంత దూరం, టిఫిన్ ఎప్పటిదాకా అన్నవాటికి బాగుంది. క్యాన్సిలేషన్, రిఫండ్ నిబంధనలు మాత్రం దానికి అప్పగించకండి. 2024 ఫిబ్రవరిలో కెనడాలో ఒక ట్రిబ్యునల్ ఎయిర్ కెనడా కేసులో, వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్ తప్పుగా చెప్పిన రాయితీ నిబంధనకు కంపెనీయే బాధ్యత వహించాలని తేల్చి, ప్రయాణికుడికి పరిహారం ఇప్పించింది. బాట్ వేరే, మేం వేరే అన్న వాదన నిలవలేదు. రిఫండ్ నిబంధన ఒక్కొక్క వాక్యం మీరు రాసి, మారకుండా అదే పలికించండి.

ఖర్చు

టెక్స్ట్ రిక్వెస్ట్ ఒక్కింటికి 0.00075 డాలర్లు, మాట ద్వారా అయితే 0.004. ఒక బుకింగ్ సంభాషణకు 12 మెసేజీలు వేసుకుంటే, నెలకు వెయ్యి సంభాషణలకు లెక్స్ బిల్లు 9 డాలర్లు. లెక్స్ లాంటి గూగుల్ సేవ డైలాగ్‌ఫ్లో సీఎక్స్‌లో టెక్స్ట్ రిక్వెస్ట్ 0.007 డాలర్ల లెక్కన అదే పని 84. సీఎక్స్‌లో సంభాషణను బొమ్మగా గీసుకునే తీరు, బుకింగ్ మధ్యలో పార్కింగ్ అడిగి వెనక్కి రావడం లాంటివి లెక్స్‌కన్నా సాఫీగా ఉంటాయి, ఆ తేడాకు అంత విలువ ఉందా అన్నది మీ గదుల సంఖ్యను బట్టి. లెక్స్‌తో ఆదా చేసిన 75 డాలర్లను ప్రోగ్రామర్ గంటల్లో పోగొట్టుకోవడం ఎంతసేపు?

సరిగా పనిచేస్తున్నదో లేదో చూడటానికి ప్రతి వారం లాగ్‌లో ఫాల్‌బ్యాక్ ఇంటెంట్‌కు (లెక్స్‌కు అర్థం కానివన్నీ చేరేచోటు) పడిన మాటలు చదవడమొకటే దారి. లెక్స్ నమ్మకం హద్దు (మాట అర్థమైందని ఎంత నమ్మకముంటే ఒప్పుకోవాలన్న గీత) మామూలుగా 0.4 దగ్గర ఉంటుంది. మొదటి నెల దాన్ని కదపకండి, నమూనా వాక్యాలు పెంచండి. ఒకే ప్రశ్నకు రెండుసార్లు అర్థం కాని జవాబు వస్తే మూడోసారి అడగకుండా రిసెప్షన్‌కు ఫోన్ మోగించండి. అక్కడ కూర్చున్నవాళ్లకు అతిథి అప్పటిదాకా చెప్పిన వివరాలన్నీ ఒకే మెసేజీగా చేరాలి, మళ్లీ మొదటినుంచి అడిగితే ఆ బుకింగ్ పోయినట్టే.

పదిహేను గదుల లోపు లాడ్జికి ఇవేవీ అక్కర్లేదు. ఉచితంగా దొరికే వాట్సాప్ బిజినెస్ యాప్‌లో టారిఫ్, దారి మ్యాపు, యూపీఐ క్యూఆర్‌లను క్విక్ రిప్లైలుగా పెట్టుకుని, రాత్రి డ్యూటీ కుర్రాడి చేతికి ఆ ఫోనిస్తే చాలు. ముప్పై గదులు దాటి, రోజుకు యాభై అరవై విచారణలు వస్తూ, అందులో సగం రాత్రి పదింటి తర్వాత వస్తుంటే అప్పుడు లెక్స్ తలుపు తట్టండి. నమూనా బాట్ పావుగంటలో లేచినా, పైన చెప్పిన తేదీలు, గది పట్టులు, వాట్సాప్ మెసేజీల పునరావృతం సరిచేయడానికి అనుభవమున్న ఒక ప్రోగ్రామర్‌కు ఐదారు వారాలు ఇవ్వండి. మొదటి రెండు వారాలు బాట్ తీసుకున్న ప్రతి బుకింగ్‌నూ రిసెప్షన్‌లో మనిషి చూసి ఖాయం చేసేలా పెట్టండి.